కుందేలు చెవుల ముడి

బడి కింద నేలమాళిగలో ఆసుపత్రి పెట్టారు. పైన పిల్లలు చదువుకున్న గదులకు ఇప్పుడు కిటికీ అద్దాలు కూడా లేవు. కింద ఫినాయిలు వాసన, తడి దుప్పట్ల వాసన. యుద్ధం దూరంగానే జరుగుతోంది, గాయపడ్డవాళ్లు మాత్రం ఇక్కడికే వస్తారు.

ఐసుపెట్టెలోంచి తీసిన రక్తాన్ని అలాగే ఎక్కిస్తే ఆ చల్లదనానికే మనిషి గుండె ఆగిపోవచ్చు. వేడిచేసే మిషను జనరేటరుతో పాటే మూలపడింది. అందుకని అక్కడి నర్సు రక్తం సంచిని స్వెట్టరు కింద పొట్టకు ఆనించుకుని కూర్చునేది. "పొదిగావా అమ్మాయ్?" అని నవ్వించేవాడు ముసలి డాక్టరుగారు.

ఆ సాయంత్రం ఒక సైనికుణ్ణి తెచ్చారు. తొడ నుజ్జయింది. మీసాలు కూడా సరిగా రాలేదు పాపం. పెట్టెలో ఒకే ఒక్క సంచి మిగిలింది. నర్సు తీసి చూస్తే, గొట్టం చివర కుందేలు చెవుల ముడి ఉంది.

ఆ ముడి ఆమె తమ్ముడిది. చిన్నప్పుడు బడి బూట్లకు వేసుకోమని ఆమే నేర్పింది. వాడూ సైనికుడే. మూడు వారాల కిందట, సరిహద్దుకు వెళ్లేముందు, అక్కాతమ్ముళ్లిద్దరూ ఇక్కడే పక్కపక్కన పడుకుని రక్తమిచ్చారు. "అక్కా, నీ రక్తం ఎక్కినవాడు లేచీ లేవగానే పక్కవాణ్ణి కాళ్లు కడుక్కున్నావా అని అడుగుతాడు చూడు" అని ఆటపట్టించి, రెండు సంచులకీ వాడే ముడులు వేశాడు. సంచులు పెద్ద ఆసుపత్రి నిల్వకు వెళ్లాయి. వాటి మీద పేర్లుండవు, గ్రూపు మాత్రమే. ఇద్దరిదీ ఒకటే గ్రూపు, ఎవరికైనా ఎక్కేది. ఇది తనదో వాడిదో తెలియదు. ఎవరిదైతేనేం అనుకుని పొట్టకు ఆనించుకుంది.

కాసేపటికి సంచి కొట్టుకుంది.

తన గుండేలే అనుకుంది. మణికట్టు పట్టుకుని చూసుకుంది. తన నాడి పరుగెడుతోంది. సంచి మాత్రం నింపాదిగా... ఒకసారి... మళ్లీ ఒకసారి...

అయితే ఇది తమ్ముడిదే.

"సార్," అంది, "ఇది వద్దు సార్. కొట్టుకుంటోంది."

ఆయన సంచి మీద చెయ్యేసి చూశాడు. "అది నీ గుండే అమ్మాయ్. నిద్ర లేకపోతే అంతే."

"ఇంకోటి వచ్చేదాకా ఆగుదాం సార్..."

"వీడు ఆగొద్దూ?"

బల్లమీది కుర్రాడు కళ్లు తెరిచాడు. "అక్కా... చలేస్తోంది."

ఆ పిలుపుతో ఆమె ప్రాణం ఉసూరుమంది. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి వీణ్ణి చంపాలా? సంచి వేలాడదీసింది.

చుక్క పడినప్పుడల్లా సంచి అదిరింది. సన్నబడుతున్నకొద్దీ ఆ అదురు మందగించింది. ఒకసారి... చాలాసేపటికి ఇంకోసారి... ఆగిపోయింది. కుర్రాడి పెదాలకు రంగొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది.

చీకటి పడుతుండగా వ్యాను వచ్చింది. ముందుగా దింపింది తమ్ముణ్ణే. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"కూర్చుని టీ తాగుతున్నాడమ్మా," అన్నాడు మోసుకొచ్చినవాడు. "చలేస్తోందన్నాడు. అంతే."

డాక్టరుగారు సూది గుచ్చాడు. ఇంకోచోట గుచ్చాడు. ఎక్కడా చుక్క రాలేదు. మోచేతి మడతలో మాత్రం, రక్తమిచ్చిన రోజు ఆమె అంటించిన దూది... తడిగా, ఎర్రగా ఉంది. దాన్ని వాడు ఆ రోజే ఆమె కళ్లముందు పీకి పారేశాడు.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. వెనకాలే ఇంకొకణ్ణి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. డ్రైవరు కొత్త ఐసుపెట్టె తెరిచి, పైనున్న సంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కుందేలు చెవులు.

పొట్టకు ఆనించుకుంది. ఈసారి సంచీ, ఆమె గుండే కలిసి కొట్టుకున్నాయి. ఎవరికి చెబుతుంది? చెబితే ఎవరు నమ్ముతారు? బల్ల మీదివాడు ఆమెనే చూస్తున్నాడు.

"పొదిగావా అమ్మాయ్?" డాక్టరుగారు చెయ్యి చాపాడు. ఈసారి నవ్వించలేదు.

"అయింది సార్" అని సంచి ఇచ్చింది.

ఆయన దాన్ని కొక్కేనికి తగిలిస్తుంటే, స్వెట్టరు మీంచే తన మోచెయ్యి తడుముకుంది. లోపల మడతలో మెత్తగా... తడిగా... దూది తగిలింది.