వదిన చేతిపట్టీ

ఎలక్ట్రానిక్ బోర్డుల ఫ్యాక్టరీ తరలిపోతోంది. ఆ సాయంత్రం హాలంతా అట్టపెట్టెల వాసన, రేకుల మీద వాన చప్పుడు. యంత్రాలకు పసిబిడ్డలకు చుట్టినట్టు మెత్తటి దుప్పట్లు చుట్టారు. మనుషులకు మాత్రం గేటు చూపించారు. ఎంత చిన్న లోపమైనా పట్టేస్తుందని అందరూ డేగ అని పిలిచే ఆమెను ఒక్కదాన్నే మేనేజరు ఆపాడు.

"కొత్త చోట నీకు సీటు ఖాయం. ఎవరడిగినా మీ వదిన ఇంట్లోనే పడిపోయిందని మాత్రం చెప్పు."

డేగకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్న పక్క సీట్లో వదిన గుండె పట్టుకుని "ఇంటికెళ్తాను సార్" అంటే, "ఈ లాట్ అయ్యాక వెళ్దువుగాని" అన్నది ఈ మహానుభావుడే. ఆ విడత బోర్డుల లాట్ అయింది. వదిన కూడా అయిపోయింది, బల్ల మీదే తల వాల్చి. అయినా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ సీటు కావాలి.

అప్పుడు చూసింది. వదిన బల్ల మీద చిన్న దీపం వెలుగుతోంది... ఆకుపచ్చగా.

ఒంట్లోని కరెంటు తగిలి బోర్డులు పాడవకుండా పనివాళ్లు మణికట్టుకు పట్టీ కట్టుకుంటారు. పట్టీలో మనిషి చెయ్యి ఉంటే దీపం ఆకుపచ్చ. లేకపోతే ఎరుపు. వదిన పట్టీ ఖాళీగా వేలాడుతోంది. బల్ల కరెంటు వైరు పొద్దున్నే పీకేశారు.

"సార్... ఆ దీపం..."

"పాడైపోయిన డబ్బా అది. చూడు." మేనేజరు నవ్వుతూ పట్టీ తన చేతికి బిగించుకున్నాడు.

దీపం ఎర్రబడింది.

"చూశావా? మనిషి చెయ్యి ఉన్నా ఎరుపే!"

"అది ఏనాడూ తప్పు చెప్పలేదు సార్."

అతను పట్టీ లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు... బిగిసింది. ఎక్కడా ఏదీ వేడెక్కలేదు, అయినా బోర్డులు అతికే సీసం కాలిన వాసన. ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"ఈ లాట్ అయ్యాక వెళ్దురుగాని సార్..."

వదిన గొంతు.

"కత్తెర ఇవ్వు... త్వరగా..." మేనేజరు గుసగుసలాడాడు.

కత్తెర డేగ జేబులోనే ఉంది. భయం కన్నా కోపమే ఎక్కువ.

"సీటు పోతే పోనీండి. వదిన ఇక్కడే పడిపోయింది. మా అన్నకు అదే చెప్తాను."

వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

మర్నాడు అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. మేనేజరు కనబడలేదు. అతని కారు మాత్రం నిన్న ఆపిన చోటే తడుస్తోంది. లోడింగువాళ్లు వదిన బల్ల చుట్టూ చెమటలు కక్కుతున్నారు.

"నిన్న ఇద్దరం జరిపిన బల్లమ్మా ఇది. ఇవాళ ఆరుగురం పట్టినా కదలట్లేదు."

బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది. పట్టీ కిందికి వేలాడటం లేదు. కనబడని మణికట్టు చుట్టూ ఉన్నట్టు గుండ్రంగా బిగుసుకుని, గాలిలో... తలుపు వైపు లాగుతోంది.