చేతిగండి దాటే వేళ

స్వానేతీ కొండల్లో చేతిగండి పేరెత్తితే గొర్రెలకాపరి కూడా గొంతు తగ్గిస్తాడు. చీకటి పడ్డాక ఆ మంచువాలు దాటేవాళ్ల చీలమండను కింద నుంచి ఓ చెయ్యి పట్టుకుంటుందట. పదేళ్లలో ఏడుగురిని మింగిన గండి అది.

మార్చి నెలాఖరున ఓ సాయంత్రం, గండి అవతలి ఊళ్లో కూతురు నార్గీజాకు నొప్పులొచ్చాయని సిదోనియాకు కబురొచ్చింది. ఆ చుట్టుపక్కల మంత్రసాని ఆమె ఒక్కతే. సంచీ భుజాన వేసుకుంది.

"రాత్రిపూటా వదినా? చెయ్యి ఊరుకుంటుందా?" అన్నాడు మరిది బీమూర్జా.

"ఊరుకోకపోతే దానికీ పురుడు పోస్తా."

"నేను మాత్రం రేపు మధ్యాహ్నం, నిండు ఎండలో ఊయల పట్టుకొస్తా. నాకు ప్రాణం తీపి తల్లీ!"

బయట వెన్నెల. పగలంతా జావలా ఉన్న మంచు గట్టిగా పెచ్చు కట్టింది. అడుగు వేస్తే కరకర... సగం దాటింది—

చీలమండను ఏదో పట్టుకుంది!

కాలు గుంజింది. రాలేదు. చుట్టూ చల్లగా... వేళ్లు బిగించినట్టు.

"ఎవరు నువ్వు?" గుసగుసగా అడిగింది. "లామారియా తల్లి తోడు... అవతల నా పిల్ల నొప్పులు పడుతోంది. వదులు."

వదల్లేదు. ఒళ్లు మండి, వంగి, చేతికర్రతో ఒక్కటిచ్చింది. పటుక్కున విరిగింది — వేలు కాదు, మంచు పెచ్చు! కాలు దిగబడిన చోట దాని అంచు బిగుసుకుంది, అంతే.

"ఓసి నీ దుంప తెగ!" నవ్వుకుంటూ దాటేసింది.

తెల్లారేసరికి మనవరాలు కేరుమంది. పొద్దు బాగా ఎక్కాక పసిదానికి నీళ్లు పోస్తూ ఉంటే సిదోనియా చెయ్యి ఆగిపోయింది. దెయ్యమే లేకపోతే ఆ ఏడుగురినీ ఏది మింగింది? ఒక్కొక్కరినీ తలుచుకుంది. సంత నుంచి వస్తూ ఒకడు — మధ్యాహ్నం. పెళ్లికి పోతూ ఇద్దరు — మధ్యాహ్నం. గడ్డి మోస్తూ... అదీ మధ్యాహ్నమే! రాత్రి పోయినవాడు ఒక్కడూ లేడు. దెయ్యం భయంతో అందరూ ఎండలోనే దాటారు — మంచు నానిపోయి కొండ మీద పట్టు విడిచే వేళ.

సూర్యుడు నడినెత్తికొస్తున్నాడు.

పిల్లని తల్లి పక్కలో పడేసి పరుగెత్తింది. అవతలి గట్టున బీమూర్జా. వీపున ఊయల. కాలు ఎత్తాడు...

"ఆగు మరిదీ! కాలు పెట్టకు! రాత్రికి రా!"

"రాత్రికా? ఆ చెయ్యి—"

పైనెక్కడో హుమ్మని మూలిగినట్టయింది. వాలు వాలంతా ఒక్కసారి కదిలింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

దుమ్ము అణిగింది. గండిలో నల్లరాళ్లు తేలాయి. అవతలి గట్టున ఊయల బోర్లా పడి ఉంది... మనిషి లేడు.

"బీమూర్జా!"

ఊయల కదిలింది. కింద నుంచి ఓ వణుకు గొంతు—

"వదినా... ఆ చెయ్యి రాత్రి ఎన్నింటికి లేస్తుందో చెప్పు... ఆ వేళకే వస్తా!"