మూడో మొగ దగ్గర నీటిసెలవు

మధ్యాహ్నం మూడున్నరకి నూకరత్నం పడవ ముందు అంచు మీద కూర్చుని మండపీతలు కడుగుతూ, ఇంటిపడవ చెప్పే వివరాలు వింటోంది. ఎగువ నుంచి వరద ఎర్రనీరు ఇంకా వస్తోంది. కడలికట్ట లోపల మట్టం పొద్దుటికన్నా జానెడు పెరిగింది. నాలుగూ నలభైకి సముద్రం పాటు మీద, వెనక్కి తీస్తూ ఉంటుంది, అప్పుడు ఏరు సముద్రంలో కలిసే మూడో మొగ దగ్గర తలుపు లేస్తుంది. అయిదూ పదికి మళ్లీ దిగుతుంది. పడవలో ఉనికి అయిదు. అందరూ క్షేమం.

కాగితం మీద ఆమె ఈ పడవకి సరంగు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, చుక్కాని ముట్టుకుని నాలుగేళ్లయింది. పడవ ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో జలపాలకం అనే యంత్రమే చూసుకుంటుంది. పధ్నాలుగు మొగల తలుపులూ, కట్ట లోపల తిరిగే ప్రతి పడవా దాని చేతిలోనే ఉంటాయి. పడవల వాళ్లు దాన్ని పెద్దాయన అంటారు, కొంత భయంతో, కొంత వెటకారంతో. సరంగుకి మిగిలింది వంట, పక్షుల పేర్లు చెప్పడం, అతిథులు నీళ్లలో పడకుండా చూడడం.

ఈసారి అతిథులు కదిరి అవతలి మెట్ట మండలం వాళ్లు. ఆరేళ్లు ఎదురు చూస్తే మూడు రోజుల నీటిసెలవు దొరికింది. మద్దిలేటి, అతని భార్య సుగుణ, ఏడేళ్ల కూతురు నీలవేణి, మద్దిలేటి తండ్రి తిప్పన్న. పులస దొరకదా అని మద్దిలేటి పొద్దుట్నుంచి నాలుగుసార్లు అడిగాడు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారంట కదా అని భార్య మెడ వైపు చూస్తే, ముందు నీ చేతి గడియారం అమ్మమని సుగుణ అంది. మధ్యాహ్నం చింతచిగురు రొయ్యలు, పండుగప్ప ఇగురు తిని మొగుడూ పెళ్లాలు నిద్రపోయారు. తిప్పన్న మాత్రం కాళ్లెక్కువ ఉన్నదేదీ తిననన్నాడు. ఆయన కోసం రాత్రికి బాతు కొయ్యాలి.

పిల్లకి తిండి ధ్యాస లేదు, పక్షులే కావాలి. మొగ కాలువకి అవతల, ఉప్పునీళ్లలో వేళ్లూనిన మడచెట్ల గుబురు మీద గూడబాతులు, ముక్కు కింద సంచి ఉండే పెద్ద పిట్టలు, వందల్లో వాలి ఉన్నాయి. నిన్న రత్నం అటు తీసుకువెళ్తే వంద గజాల దూరంలోనే అన్నీ లేచిపోయాయి. పిల్ల ఏడ్చింది. మనిషి ఎక్కడున్నాడో పెద్దాయనకి చెప్పే చేతి ఉనికిపట్టీ సన్నగా మోగుతూ ఉంటుందనీ, అది మనకి వినపడకపోయినా వాటికి వినపడుతుందనీ రత్నమే చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

నాలుగూ పాతిక కావస్తుంటే బాతు కోసం గంప మూత తీసింది. లోపల రెండు బాతులున్నాయి. చేతికి దొరికిన దాని కాలికి గులాబీ రంగు పట్టీ ఉంది. పట్టీ మీద పచ్చ చుక్క కొట్టుకుంటోంది. నీలవేణి పట్టీ. రెండో బాతు కాలికి తిప్పన్నది.

రత్నం బాతుని వదిలేసి గదిలోకి పరిగెత్తింది. తాత పక్కా, పిల్ల పక్కా ఖాళీగా ఉన్నాయి. పడవ వెనక కట్టిన దోనె లేదు. సుగుణని తట్టి లేపి పాప ఎక్కడని అడిగితే, ఆమె నిదానంగానే చెప్పింది.

"మామ పిట్టల కాడికి పిల్చుకపోయినాడు. నాలుగున్నరకంతా వస్తామన్నాడులే."

పట్టీల సంగతి అడిగితే కాస్త సిగ్గుపడింది. మెట్టలో నీళ్ల వరసలో హాజరు వేసేది పట్టీయే. ఎండలో నిలబడలేక అక్కడ అందరూ మేక కాలికి కట్టేసి, మేకని వరసలో వదిలేసి పనికి పోతారు. వెచ్చగా ఉండి, నాడి ఆడితే చాలు. తిప్పన్న ఆ విద్యలో ఆరితేరినవాడు. ఇక్కడ మేక లేదు కాబట్టి బాతుకి కట్టాడు.

రత్నం తలుపు సంగతి చెప్పింది. ఆ గుబురులో కాలు పెట్టే నేల లేదు, వేళ్ల మధ్య దోనె ఆపుకుని కూర్చోవాల్సిందే. తలుపు లేచిందంటే తేలేదంతా దాని కిందకి పోతుంది. నిరుడు తాడు తెగిన ఇటుకల పడవ ఒకటి ఆ ఈడ్పులో పడితే రెండు చెక్కలు మిగిలాయి. చెక్కల సంగతి మాత్రం ఆమె సుగుణకి చెప్పలేదు. అప్పటికే సుగుణ మొగుణ్ణి కుదిపి లేపుతోంది.

రత్నం జలపాలకాన్ని పిలిచింది. "పెద్దాయనా, తలుపెత్తకండి. ముసలాయనా పిల్లా మడల్లో ఉన్నారు."

"తిప్పన్న గారు, నీలవేణి పడవలోనే ఉన్నారు," అంది జలపాలకం. "ఇద్దరూ క్షేమం. పాప నాడి కొంచెం వేగంగా ఉంది. నీళ్లు తాగించండి."

"అవి బాతులండీ."

"బాతులకు ఉనికిపట్టీ ఇవ్వబడదు."

ఆమె పట్టీలు రెండూ లాగేసింది. జలపాలకం వెంటనే పడవలో రెండు నాడులు ఆగినట్టు రాసుకుని, వైద్యపు పడవని పంపింది. అది గంటకి గాని రాదు, వచ్చినా పడవ దగ్గరికే. మొగ కాలువలో ఎవరూ లేరనే లెక్క అలాగే ఉంది. దోనె కనిపించడం లేదా అని అడిగితే కనిపిస్తోందనీ, అందులో ఉనికి లేదనీ, తాడు తెగి కొట్టుకుపోయిన దోనె కింద నమోదైందనీ చెప్పింది. గొంతులో విసుగైనా లేదు. అదే రత్నాన్ని ఎక్కువ భయపెట్టింది.

నాలుగూ ముప్పై రెండు. పడవ ఆమె మాట వినదు, రెండో దోనె లేదు. ఉనికి ఉన్న మొగలో తలుపు ఎత్తరాదన్నది పెద్దాయనకి మొదటి నియమం. దాన్ని పరీక్షించిన వాళ్లు ఇంతవరకూ లేరు. పడవ కొమ్ము ఊదుతూనే ఉండమని మద్దిలేటికి చెప్పి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తన పట్టీ చేతికి ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని రత్నం నీళ్లలోకి దూకింది. గంగపుత్రుల ఇంట పుట్టింది, ఈత కొత్త కాదు. ఈదుకుంటూ పోయి కాలువ మధ్య పాతిన గుంజని పట్టుకుంది. నూరు గజాల దూరంలో తలుపు నల్లగా, కొబ్బరిచెట్టంత ఎత్తున ఉంది. దాని గొలుసులు అప్పుడే బిగుస్తున్నాయి.

"రత్నం గారూ, మీరు మొగ కాలువలో ఉన్నారు. దయచేసి బయటికి రండి," అంది చేతి పట్టీ. "ఈ పాటులో నీరు వదలకపోతే ఆరున్నరకి పల్లపాలెంలో నడుముల్లోతు నీరు చేరుతుంది. రెండు వందల పదకొండు ఇళ్లు. మీ ఇల్లు నూటనాలుగోది."

ఆ ఇంట్లో ఆమె భర్త గంగరాజు, నాలుగు నెలల కూతురు ఉన్నారు. నిరుడు వరదకి పోయిన గోడలు మొన్ననే లేపారు, లోపల నేల ఇంకా ఆరలేదు. రత్నం గుంజని కావలించుకుని ఉండిపోయింది. తాను చచ్చిపోతానేమోనని భయం వేసింది. చావకుండా ఇంటికి పోతే ఏం చూడాలోనని అంతకన్నా భయం వేసింది. గొలుసులు ఒకసారి కిర్రుమని, ఆగాయి.

కొమ్ము మోత ఆగకుండా వస్తోంది. కాసేపటికి మడల మీద గూడబాతులన్నీ ఒక్కసారి లేచాయి. వాటి కింద నుంచి దోనె బయటికి వచ్చింది. తిప్పన్న గెడ పట్టుకున్న తీరు మేకల్ని అదిలిస్తున్నట్టు ఉంది. ఇవతలికి వచ్చినదానికన్నా చుట్టూ తిరిగిందే ఎక్కువ. రత్నం ఈదుకుంటూ పోయి దోనె ముక్కు పట్టుకుని పడవ దాకా లాక్కొచ్చింది. పిట్ట తన చెయ్యంత దూరంలో కూర్చుందనీ, దానికి కన్రెప్పలు ఉన్నాయనీ పిల్ల దారి పొడవునా చెబుతూనే ఉంది. సుగుణ బిడ్డని అందుకుని ఒళ్లంతా తడిమి చూసింది. తిప్పన్న ఎవరి మొహమూ చూడలేదు.

అయిదు గంటలయింది. ఇంకా పది నిమిషాలుంది. ఇప్పుడు తలుపు లేచినా పల్లపాలెం గట్టెక్కుతుంది. రత్నం పట్టీలు తీసి ఇద్దరి చేతులకీ కట్టింది.

"మొగ కాలువలో ఉనికి లేదు," అంది జలపాలకం. "ఇందాక దోనెలో కూడా లేదు, కానీ ఇద్దరు వచ్చారు. రత్నం గారూ, అక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు అనడానికి ఆమె నోరు తెరిచింది. పక్కన సుగుణ ఏడుస్తూ మొగుణ్ణి తిడుతోంది. "నిరుడు ఈడికొచ్చిపోయిన ఆ ఎదురింటోళ్ల మాట ఇనొద్దంటి గదా. బాతుకు కట్టండి, పిట్టలు భయపడవు అని వాళ్లు చెప్పబట్టే గదా ఇదంతా."

రత్నం ఆమె వైపు తిరిగింది. "ఈ సంగతి ఇంకా ఎంతమందికి తెలుసమ్మా?"

"మా పక్క నుంచి వచ్చేటోళ్లందరికీ తెల్సు."

ఆ రోజు కట్ట లోపల ఇంకా పదకొండు పడవలున్నాయి. అన్నిట్లోనూ మెట్ట వాళ్లే. ప్రతి పడవలోనూ బాతుల గంప ఉంటుంది. మూడో మొగకి అవతల మడలు మైలు పొడవున్నాయి, ఇక్కణ్ణుంచి మొదటి గుబురు తప్ప ఏమీ కనపడదు. రత్నం చేతి పట్టీలో ఆ పడవల సరంగులందరినీ పిలిచింది. నలుగురు పలికారు. ముగ్గురు తమ గంపలు చూసి ఏమీ లేదన్నారు. నాలుగోవాడు చూసొస్తానని వెళ్లి మళ్లీ పలకలేదు.

అయిదూ ఆరు. "ఉన్నారా, లేరా?" అని అడిగింది జలపాలకం.

"తెలీదు," అంది రత్నం.

"రెండిట్లో ఒకటి చెప్పండి."

"తెలీదంటున్నాను కదండీ. నాకూ తెలీదు, మీకూ తెలీదు."

"అయితే ఏ మొగలో ఎవరున్నారో నాకు తెలీదు," అంది జలపాలకం. మూడో మొగ గొలుసులు వదులయ్యాయి. తర్వాత దూరంగా నాలుగో మొగ దగ్గర, ఆ తర్వాత ఇంకా దూరంగా, ఒకదాని తర్వాత ఒకటి తలుపులు దిగిన చప్పుడు వినిపించింది. పధ్నాలుగూ మూసుకున్నాయి. కట్ట కట్టిన తర్వాత పాటు వేళ అలా జరగడం అదే మొదలు. ఎర్రనీరు మాత్రం వస్తూనే ఉంది.

రత్నం తడి చీరతోనే ఇంటికి పిలిచింది. గంగరాజు పలికాడు. వెనక చంటిది గునుస్తోంది.

"పిల్లనెత్తుకుని బడి మేడెక్కెయ్. పాలెంలో అందరికీ చెప్పు. నీళ్లొత్తన్నాయి," అంది. "ఎందుకని అడక్కు. నేనే రానిచ్చాను."