బుల్లయ్య పాట పోయిన కేసు

అద్దంకి బస్టాండు ఎదురుగా మేడమీద ఉన్న డిటెక్టివ్ వీరాంజనేయులు ఆఫీసుకి ఆదివారం పొద్దున్నే బుల్లయ్య వచ్చాడు. డెబ్బై ఏళ్ల మిరప రైతు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా ఇంటిదాని పాట పోయింది బాబూ,” అన్నాడు. “రేపు గుంటూరులో దానికి గొంతు ఆపరేషను. మళ్లీ పాడుద్దో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. అందుకే నిన్న దుర్గాప్రసాద్ మిషన్లో పాడించాం. ఇయ్యాల విందామని పోతే లేదంటున్నాడు.”

అసిస్టెంటు శ్రీరమ్య నోట్‌బుక్కు తీసేలోపే వీరాంజనేయులు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆయనంతే. మాట్లాడే ముందు బయల్దేరతాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు కేసు సగం తేలినట్టే ఉంటుంది.

దుర్గాప్రసాద్ రికార్డింగు గది విత్తనాల కొట్టు వెనక ఉంది. బల్ల మీద చిన్న మిషను. గొంతు ఒక వరసలో, డప్పు ఒక వరసలో, తాళాలు ఇంకో వరసలో విడివిడిగా ఎక్కించుకుని, అన్నిటినీ కలిపి ఒక పాటగా దాచుకుంటుంది. మీట తిప్పి అక్షరాలు ఎంచుకుంటూ, ఒక్కో పాటకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకు మించకుండా పేరు పెట్టాలి. మిషను పక్కన తెల్ల కాగితం అంటించి ఉంది: ‘శనివారం. ఇంకా 41 నిమిషాలు ఖాళీ.’

“వెంకటేశ్వరమ్మ పిన్ని వాళ్లాయన మీద కట్టుకున్న పాటండీ. అందుకని ‘బుల్లయ్య’ అని పేరు పెట్టా,” అన్నాడు దుర్గాప్రసాద్, ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ. “మొదటిసారి సరిగా రాలేదు. ‘బుల్లయ్యని చెరిపేద్దాం పిన్నీ’ అంటే లేచి పోబోయింది. బతిమాలి మళ్లీ పాడించా. ఖాళీ ఎంతుందో రాసి టీకి పోయా. పది నిమిషాలే.”

“కళ్లకేమైంది?”

“నిన్నటి నుంచీ మంట. కండ్లకలకేమో.”

“ఆ పది నిమిషాలూ గదిలో ఎవరున్నారు?”

“పిన్నీ, భజన జట్టు యలమంద గారూ.”

కబురు పెడితే యలమంద వచ్చాడు. చేతిలో తన పాటల పుస్తకం.

“నా పేరొచ్చిద్దని తెలుసులే. ఆమె గొంతంటే నాకు కుళ్లే, కాదన్ను. కుళ్లుకుంటానే రెండుసార్లూ విన్నా. ఆనక పుస్తకంలో తలపెట్టి కూర్చున్నా, ఎవరేం చేశారో చూళ్లా. అది పోతే నాకేం ఒరిగిద్ది?”

“పొలంలో ఏం వేశారు ఈ ఏడు?”

“పత్తి. నిరుడు మిరప వేసి బుద్ధొచ్చింది. పాట పోతే పంటెందుకయ్యా నీకు?”

శ్రీరమ్య మిషను మీది గుండ్రటి మీటను తిప్పి పాటల పేర్లు చూసింది. ‘బుల్లయ్య’ లేదు. చివరన ఒకచోట మాత్రం ఇంగ్లీషు ‘ఏ’ ఎనిమిదిసార్లు వరసగా ఉంది.

“అది ఎవరో ‘ఆ... ఆ...’ అని మైకు చూసుకున్నదై ఉంటది,” అన్నాడు దుర్గాప్రసాద్. “చెరిపేస్తా. రేపు యలమంద గారి జట్టుకి చోటు కావాలి.”

అతని చెయ్యి మీట దాకా వచ్చింది. వీరాంజనేయులు ఆ చెయ్యి పట్టుకున్నాడు. అదే క్షణంలో శ్రీరమ్య నలక పడినట్టుందని కన్ను నలుపుకుంది. కంట్లో నిప్పు పెట్టినట్టయింది. వీరాంజనేయులు ఆమెకు నీళ్ల చెంబు అందించి, “బాబాయ్, పిన్నిని తీసుకురా,” అన్నాడు బుల్లయ్యతో.

వెంకటేశ్వరమ్మ వచ్చింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లయ్య తప్ప అందరూ కూర్చున్నాక వీరాంజనేయులు మొదలుపెట్టాడు.

“పాట ఎక్కడికీ పోలేదు. చెరిపేస్తే ఖాళీ పెరగాలి. పాడాక రాసింది నలభై ఒకటి. ఇప్పుడు మిషను చూపించేదీ నలభై ఒకటే. అంటే మారింది పేరొక్కటే. మార్చినవాళ్లకి ఇంగ్లీషు రాదు. ప్రసాద్ పేరు పెట్టేటప్పుడు చూసి, ఒక్కో అక్షరాన్నీ ఇక తిరగనన్నదాకా వెనక్కి తిప్పారు. అందుకే అన్నీ ‘ఏ’లు. యలమంద గారికి ఇంగ్లీషు వచ్చో రాదో నాకు తెలీదు. కానీ ఆయన చేతికి మిరప ఘాటు లేదు. ఈ మీటకుంది. ప్రసాద్‌కి నిన్న కండ్లకలక తెచ్చిందీ, మా అమ్మాయిని ఇప్పుడు ఏడిపించిందీ అదే. పిన్నీ, పొద్దస్తమానం కాయలకి తొడిమలు తీసేది నువ్వే కదా?”

వెంకటేశ్వరమ్మ తలవంచుకుంది.

“యాభై ఏళ్లుగా మొగుడి పేరు పలకని మనిషి,” అన్నాడు వీరాంజనేయులు. “ఆమె ముందు ఆ పేరు పట్టుకుని చెరిపేద్దాం అన్నావు ప్రసాదూ. మళ్లీ ఎవరూ అనకుండా పేరు తిప్పేసింది. తప్పు చేసిందనను.”

ఆమె గొంతు గాలిలా వచ్చింది. “పేరు తీస్తే పాట యాడికి పోద్దనుకున్నా. గోల మొదలయ్యాక చెబుదామంటే... ఏ పాటని చెప్పను? ఆ పేరే కదా చెప్పాల్సింది.”

యలమంద మొదట నవ్వాడు. తర్వాత పుస్తకం మూసి, “ముందు పాట పెట్టవయ్యా,” అన్నాడు.

పాట వచ్చింది. మిరప చేలో నీళ్లు కడుతూ నిద్రపోయే మగడిని ఎకసెక్కెం చేసే పాట. బుల్లయ్య ఇప్పటికి కుర్చీలో కూర్చున్నాడు. అయిపోయేదాకా కదల్లేదు.

“ఇంకో మెమరీ కార్డు మీదికీ ఎక్కించి మీకిస్తా. పేరేం పెట్టమంటారు?” అడిగాడు దుర్గాప్రసాద్. “ఎనిమిది అక్షరాలే. వెంకటేశ్వరమ్మ అంటే పట్టదు.”

బుల్లయ్య భార్య వంక చూశాడు.

“‘ఏమే’ అని పెట్టు. నేను పిలిచేది అట్టాగే.”

కొంగు చాటున వెంకటేశ్వరమ్మ పలికింది.

“ఆఁ.”