సారిక తెల్ల చీర

శనివారం పొద్దున్న తబిత తెల్ల చీర ఇస్త్రీ చేస్తోంది. మర్నాడు మట్టల ఆదివారం. వాళ్ల చర్చిలో పిల్లలకు మొదటిసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేది ఆ రోజే. ఆ చీర కూతురు సారిక కోసం కొన్నది. మూడేళ్లుగా ఇస్త్రీ చేయడం, మడతపెట్టి మళ్లీ బీరువాలో పెట్టడం.

సారికకు పంతొమ్మిదేళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. బల్ల తీసుకోవాలంటే ప్రశ్నోత్తరాలు అప్పచెప్పాలి. వినేది ఆమె తాతయ్య అబ్రహాము, రిటైరైన హెడ్మాస్టరు. ఒక్క జవాబు తప్పినా వచ్చే ఏడాదే. ఆ నియమం ఆయనే పెట్టారు. తనకంటే చిన్నవాళ్లు బల్ల దగ్గరికి వెళుతుంటే సారిక బెంచీ మీదే కూర్చుంటుంది.

వరండాలో పరీక్ష మొదలైంది.

“దేవుడు మనిషిని ఎవరి పోలికలో చేశాడమ్మా?”

“నిన్న చెప్పాను కదా తాతయ్యా.”

“నిన్నా చెప్పలేదు.” ఆయన పుస్తకం మూశారు.

తబిత ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి బయటికి వచ్చింది.

“మళ్లీ ఆపేశారా మావయ్యగారూ?”

“నా మనవరాలు కదా అని వదిలేస్తే సంఘంలో ఏమనుకుంటారమ్మా?”

“చిట్టెమ్మ గారి మనవడు ప్రసంగం జరుగుతుంటే ఫోను చూస్తాడండి. గడగడా అప్పచెప్పాడని వాడికి బల్ల ఇచ్చారు. దేవుడు తన పోలికలో చేసింది మనుషులనా, అప్పచెప్పేవాళ్లనా?”

“నాకు వాక్యం నేర్పకు.”

“నేర్పడం లేదండి. అడుగుతున్నాను. మీరు పిల్లల్ని అడిగినట్టే.”

ఆమె భర్త సాల్మన్ కడియం నర్సరీలో పని చేస్తాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

“ఏమండీ, మీరేమన్నా మాట్లాడతారా?”

“మొక్కల లారీ వచ్చేసిందంట.”

“ఏటా ఈ శనివారమే వస్తుంది ఆ లారీ.”

అబ్రహాము విసుగ్గా పుస్తకం తెరిచారు. “సరే, తేలికది అడుగుతాను. ఆ తర్వాత నన్ననకండి. సారికా, దేవుడు ఎలాంటివాడు?”

ఆత్మ, నిత్యుడు, పరిశుద్ధుడు, కృపగలవాడు అని చెప్పాలి. సారిక తాతయ్య ముఖంలోకి చూసింది.

“తాతయ్యలా ఉంటాడు.”

సాల్మన్ నవ్వాపుకున్నాడు.

“నాలా అంటే?”

“కళ్లజోడు పెట్టుకుంటాడు. పుస్తకం పట్టుకుంటాడు.”

“పుస్తకం పట్టుకుని?”

“ప్రశ్నలడుగుతాడు.”

“జవాబు తప్పు చెబితే?”

“వచ్చే ఏడు రమ్మంటాడు.”

బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

సాల్మన్ చెప్పులు విప్పి వరండాలోకి వచ్చాడు. అబ్రహాము కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు. ఊళ్లో సగం మందికి ఆ జవాబు కంఠతా నేర్పింది ఆయనే. కృపగలవాడు అన్న మాట పలకడం తప్పితే కొట్టి మరీ దిద్దేవారు.

“నేనే తప్పు నేర్పానమ్మా,” అన్నారు. “ఆయన నాలా ఉండడు.”

“మరెలా ఉంటాడు?”

“ఈ ఏడే రమ్మంటాడు. పాస్టరు గారికి నేను చెబుతాను.”

సారిక తల్లి వైపు తిరిగింది.

“అయితే చీర మడతపెట్టకమ్మా.”