తూటా అడుగున రెండు గుంటలు

తుపాకులు బాగుచేసే మేస్త్రి భార్య లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు. తలుపు పట్టుకునే మాట్లాడింది.

"మా ఆయన్ని పట్టుకెళ్ళారమ్మా. ఆయన నింపిన తూటా ఆలస్యంగా పేలి కలప మిల్లు పెద్దాయన ప్రాణం తీసిందట. తూటాలు నింపేటప్పుడు నన్ను కూడా దగ్గరికి రానివ్వని మనిషి ఆయన."

ఆమె వచ్చింది సూదమ్మ దగ్గరికి. అడిగే ప్రశ్నలు గుచ్చుకుంటాయని ఆ డిటెక్టివ్‌కి ఊరు పెట్టిన పేరు అది. ఆవిడ లేవకముందే, పొడుగు అని అందరూ పిలిచే సహాయకుడు చెప్పులు తొడుక్కున్నాడు. ఆవిడ ఎప్పుడు బయలుదేరుతుందో అతనికి తెలుసు. నిజాన్ని ఎలా లాగుతుందో మాత్రం ఇన్నేళ్ళు వెంట తిరిగినా అంతుపట్టలేదు.

మిల్లులో దుంగల మధ్య రంపపు పొట్టు నెత్తుటితో గడ్డకట్టి ఉంది. చనిపోయిన పెద్దాయన తమ్ముడు, చిన్నాయన, కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు.

"అన్నయ్య గురిపెట్టి మీట నొక్కాడు. పేలలేదు. ఏమైందోనని గొట్టంలోకి తొంగిచూశాడు, అప్పుడు పేలింది."

"మీరెక్కడున్నారు?"

"ఆ మూల. పొద్దుట్నుంచీ మోటారు రంపంతో కోస్తూనే ఉన్నాను. చప్పుడు వినగానే రంపం పడేసి పరిగెత్తాను."

అక్కడే ఉన్న ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన ఖాళీ తూటాను సూదమ్మ భూతద్దం కింద తిప్పింది. "పొడుగూ, అడుగున చిన్న బొత్తాంలా ఉందే, అదే ప్రైమర్. తుపాకీలోని పిన్ను దాన్ని గుద్దితే లోపల నిప్పు పుట్టి అసలు మందుని అంటిస్తుంది. దాని మీద ఏం కనబడుతోంది?"

"గుంట. కాదు, రెండున్నాయి. అటొకటి, ఇటొకటి. ఒకటి లోతు తక్కువ."

ఆవిడ పెద్దాయన భార్యను ఆయన నిండు చేతుల చొక్కా ఒకటి అడిగి తెప్పించుకుంది. దాని చేతిని తుపాకీ గొట్టం మూతి నుంచి మీట వైపు చాచి చూసింది. గొట్టం మొదలు దాకా కూడా రాలేదు.

"చప్పుడు విన్నాక మీరేం చూశారమ్మా?"

"గురి చూసి కాల్చడం ఆయనకి మామూలే కదా అనుకున్నాను. కిటికీలోంచి మరిది కనబడ్డాడు. రంపానికున్న రబ్బరు బొడిపె గబగబా నొక్కి తాడు లాగుతున్నాడు. చాలాసార్లు లాగితే గానీ అంటుకోలేదు. ఆ తర్వాతే కేకలు వేశాడు." ఆమె దుంగలు కోసే పెద్దరంపం వైపు చూసింది. "పెద్దరంపం కింద పడి చచ్చిపోయిన కూలీ సంగతి రేపు స్టేషన్లో చెబుతానన్నారు ఆయన. ఇంతలోనే ఇలా అయింది."

సాయంత్రం సూదమ్మ అందర్నీ మిల్లు షెడ్డులో కూర్చోబెట్టింది. మేస్త్రిని కూడా తీసుకొచ్చారు.

"ప్రైమర్‌కి దెబ్బ తగిలి ఆలస్యంగా పేలితే ఒక్క గుంటే ఉండాలి," అంది. "ఇక్కడ రెండున్నాయి. ఈ తుపాకీ పిన్ను నడిమధ్య కాక కాస్త పక్కకి కొడుతుంది. తూటా కదలకపోతే రెండో దెబ్బ కూడా మొదటి గుంటలోనే పడేది. మొదటిసారి దెబ్బ చాలక పేలలేదు. పెద్దాయన జాగ్రత్తగా తుపాకీ తెరిచి తూటా తీసి పక్కన పెట్టాడు. దాన్ని ఎవరో మళ్ళీ పెట్టి, పిన్నును కొట్టే సుత్తి వెనక్కి లాగి, మీట నొక్కారు. గొట్టంలోకి తొంగిచూసే మనిషి చెయ్యి మీట దాకా పోదు."

"నేను రంపం దగ్గరున్నానని చెప్పాను కదండీ," అన్నాడు చిన్నాయన.

"మరి చప్పుడు అయ్యాక దాన్ని స్టార్ట్ చెయ్యాల్సిన పనేమిటి?"

"ఉలిక్కిపడితే ఆగిపోయింది. చేతి అలవాటుకొద్దీ తాడు లాగాను."

"అలవాటున్న చెయ్యి వేడి ఇంజను మీద ఆ బొడిపె నొక్కదు. అదీ ప్రైమరే. చల్లబడ్డ ఇంజనుకి ముందుగా పెట్రోలు అందించడానికి. పొద్దుట్నుంచీ నడిచిన రంపానికి దాంతో పనిలేదు. మీ రంపం ఆ రోజు అప్పటిదాకా నడవలేదు. వచ్చినవాళ్ళ చెవిన దాని చప్పుడు పడాలని అప్పుడు నడిపారు."

చిన్నాయన వదిన వైపు చూశాడు. ఆమె తల తిప్పుకోలేదు.

"పెద్దరంపం చుట్టూ ఉన్న రక్షణ కంచె పని ఆలస్యం చేస్తోందని తీయించింది నువ్వు," అంది ఆమె మెల్లగా. "ఆ సంగతి మీ అన్నయ్య స్టేషన్లో చెబుతారనేనా?"

"జైలుకి పోతానొదినా," అన్నాడతను. "అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాను. ఆ కూలీ తల్లికి ఏం సమాధానం చెప్పమంటావురా అని కాళ్ళు విడిపించుకున్నాడు. తుపాకీ, ఆ పేలని తూటా బల్ల మీదున్నాయి."

మేస్త్రి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భార్య అతని భుజం పట్టుకుని బయటికి నడిపించింది.

చిన్నాయన్ని తీసుకెళ్తుంటే పొడుగు ఎప్పటిలా సూదమ్మను మెచ్చుకోబోయి ఆగిపోయాడు. ఆవిడ పెద్దాయన భార్యనే చూస్తోంది. ఆ ఇల్లాలు కొంగు బిగించి, బల్ల లాక్కుని ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుంది.

"ఆ కూలీ ఎలా పోయాడో మా ఆయన నాకంతా చెప్పారు. నేను చెబుతాను, రాసుకోండి," అంది.