నాంచారి ఏడుపు

"మళ్లీ మొదటినుంచి చెప్పు బాబూ. కోపం గొంతులోకి రాకముందే ఊపిరి తీసుకో" అంది తోడుబొమ్మ.

అద్దానికి ఇవతల కూర్చున్న ప్రసూన, తెర మీద పిల్లవాడి ఉద్వేగరేఖ నెమ్మదిగా కిందికి దిగడం చూసి తర్వాతి పేరు పిలిచింది. సముద్రం మీదికొచ్చాక కరకట్ట లోపలికి తరలించిన ఊళ్ల పిల్లలందరికీ ఇదే బడి. ఏ తగవొచ్చినా పిల్లలు ముందు సాధన గదికి రావాలి. అక్కడ తోడుబొమ్మ అనే యంత్రం అవతలి మనిషి ముఖం పెట్టుకుంటుంది. అడగాల్సింది దాన్ని అడిగి, ఏడవాల్సింది దాని ముందే ఏడ్చి, తేలికపడ్డాకే అసలు మనిషి దగ్గరికి వెళ్లాలి. ప్రసూనలాంటి భావశిక్షకురాలు చూడాలి తప్ప లోపలికి వెళ్లకూడదు.

నాలుగో తరగతి నాంచారి వచ్చి నిలబడింది. పక్క బెంచీ సుహాసిని దాని రిబ్బను తీసుకుని ఇవ్వడం లేదట. తోడుబొమ్మ సుహాసిని ముఖం పెట్టుకుంది.

"నా రి... రిబ్బను ఇచ్చెయ్యవే" అంది నాంచారి. కోపమొస్తే దానికి నత్తి. "అది కొన్నది కాదు. మా అ... అమ్మ చీర అంచు. అమ్మ పోయాక నానమ్మ చింపి ఇచ్చింది. అందులో ఇంకా అమ్మ వాసనొస్తది. నువ్వు పెట్టుకుంటే పోద్ది."

అని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే ముక్కు తుడుచుకుని, "ఇచ్చేస్తే మళ్లీ మాట్లాడతా" అంది. రేఖ మెల్లగా చదునైంది. ప్రసూనకు కళ్లు చెమర్చాయి.

తెర మీద అక్షరాలు వెలిగాయి: అరుదైన నమూనా. పేరు, ముఖం తొలగించి అన్ని బడుల ఉమ్మడి పాఠంలో చేర్చాలా?

ఈ ఏడాది ప్రసూన గది నుంచి ఒక్క నమూనా కూడా వెళ్లలేదు. ప్రధానోపాధ్యాయురాలు వైదేహి మేడం అందరి ముందూ ఆ మాట అననే అంది. ప్రసూన ‘చేర్చు’ నొక్కింది. నాంచారిని అడగాలన్న ఆలోచనే రాలేదు. పైగా కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం ఉమ్మడి పాఠం. తీరం పొడవునా ఉన్న బడులన్నిటిలో ఒకేసారి మొదలైంది. తరగతి నడుమ తోడుబొమ్మ ఎవరిదో తెలియని ముఖంతో లేచి నిలబడింది.

"నా రి... రిబ్బను ఇచ్చెయ్యవే. మా అ... అమ్మ చీర అంచు..."

అదే నత్తి, అవే వెక్కిళ్లు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పాకింది. సుహాసిని తిరిగి నాంచారి వైపు చూసింది. నాంచారి కదల్లేదు. తరగతి తెర మీద దాని పేరు పక్కన ‘ప్రశాంతం’ అని పడింది. తరగతిలోనే ఉండి ఆ ముఖం చూసిన ప్రసూనకు అది ప్రశాంతం కాదని తెలుసు.

నమూనా పంపిన శిక్షకురాలికి పాఠాన్ని ఆపే హక్కు ఉంది. ఎవరూ ఎప్పుడూ వాడలేదు. ప్రసూన ఆపేసింది. బొమ్మ నోరు తెరుచుకునే నిలిచిపోయింది.

"కారణం చెప్పండి" అంది ప్రసూన చెవిలోని యంత్రం. వెంటనే క్షమాపణ వాక్యం కూడా అందించింది. ప్రసూన అలవాటుగా అప్పజెప్పబోయింది. "నాంచారీ, నీ భావాలకు కలిగిన ఇబ్బందికి..."

"అది కూడా బొమ్మ మాటే కదండీ?" అంది నాంచారి.

ప్రసూన చెవి యంత్రం తీసి బల్ల మీద పెట్టింది.

"నీ మాటలు నేనే ఇచ్చేశాను. నిన్ను అడగలేదు. నన్ను మెచ్చుకుంటారని ఇచ్చాను."

"వెనక్కి తెచ్చెయ్యండి."

"రావు తల్లీ. అన్ని బడుల్లోనూ విన్నారు."

నాంచారి బయటికి వెళ్లి వరండా మెట్ల మీద కూర్చుంది. ప్రసూన వెళ్లి కాస్త దూరంగా కూర్చుంది. దగ్గరికి జరిగే అర్హత తనకుందనిపించలేదు.

వైదేహి మేడం ఆయాసపడుతూ వచ్చింది. "ప్రసూన గారూ, తీరం మొత్తం పాఠం ఆగిపోయిందండీ! ఏదో ఒక కారణం నొక్కెయ్యండి. సాంకేతిక లోపమనండి, ఒంట్లో బాలేదనండి."

"సిగ్గేసి ఆపానండీ."

"అది కారణాల జాబితాలో లేదు కదమ్మా!"

"లేదండీ. అందుకే నొక్కను."

"పైవాళ్లు ఊరుకోరు. మీ ఉద్యోగం..."

"తెలుసండీ."

తరగతిలో గోల మొదలైంది. "ఇచ్చెయ్యవే దానిది!" అని ఎవరో అరిచారు. "నువ్వూ నవ్వావుగా!" అని ఇంకెవరో. బెంచీలు జరిగాయి, ఒకరెవరో ఏడ్చారు. ఎవరి గొంతులోనూ సాధన చేసిన వాక్యం లేదు. వైదేహి మేడం అటు పరుగెత్తింది.

నాంచారి మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఆ గోల వింటోంది.

"మీకు సిగ్గుగా ఉందాండీ?"

"ఉంది."

"నాక్కూడా. నేనేం చెయ్యలేదు, అయినా ఉంది. ఎప్పుడు పోద్ది?"

ఇన్నేళ్లుగా పిల్లలకు బాధ ఎలా దించుకోవాలో నేర్పిన ప్రసూన, "నాకు తెలీదమ్మా" అంది.